జడకు కట్టిన చేతులే.. గుమ్మానికీ కడతాయి
ఇంట్లో అల్లుకునే క్రిస్మస్ రీత్‌కు రిబ్బను పువ్వు చేసే విధానం

సుబేదారి: డిసెంబరు మాసం ప్రవేశించగానే సుబేదారి, హనుమకొండ చౌరస్తా, కాజీపేట ప్రాంతాల్లోని క్రైస్తవ గృహాల ముంగిట కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. కొన్నేళ్లుగా కొన్ని ఇళ్లలో నక్షత్రంతో పాటు తలుపుకు గుండ్రని పచ్చని చక్రం కూడా వేలాడుతోంది. దీనినే రీత్ అంటున్నారు. ఆకులు, కొమ్మలు, ఎండు పూలతో చక్రాన్ని ఎవరికి వారు ఇంట్లోనే అల్లుకోగలుగుతున్నారు. చిక్కంతా దానిపై కూర్చునే రిబ్బను పువ్వు దగ్గరే వస్తోంది. కంగన్ హాళ్లలో, ఫ్యాన్సీ దుకాణాల్లో ‘బో’ పేరిట అమ్మే తయారు పువ్వు కొనక తప్పదని చాలామంది భావిస్తున్నారు. నిజానికి బడికి వెళ్లే ఆడపిల్లకు రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టిన ఏ తల్లికైనా ఈ విద్యలో సగం వచ్చే ఉంటుంది. మిగిలిన సగం ఏమిటో, చెయ్యి ఎక్కడ తప్పుతుందో తెలుసుకుందాం.

ఇరవై పువ్వులు వెనక్కి వచ్చిన రాత్రి

ఈ విషయం రాయడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. మా అక్క సుబేదారిలో అద్దె ఇంట్లో ఉంటూ కుట్టు పని చేస్తుంది. గత డిసెంబరులో ఓ విద్యాసంస్థ వారు తరగతి గదుల తలుపులకు 20 రీత్‌లు కావాలని ఆమెకు పని అప్పగించారు. సగం సొమ్ము ముందు ఇచ్చారు. చక్రాలు చక్కగా కుదిరాయి. ఎర్రని శాటిన్ రిబ్బనుతో పువ్వులు చేసి, ఒక్కోదానికి ఎనిమిది రేకులు తీసి, నడుమ కుట్టు దారంతో బిగించి అప్పగించింది. మూడో రోజున ఇరవై చక్రాలూ ఆటోలో తిరిగి వచ్చాయి. పువ్వుల రేకులన్నీ వాడిన ఆకుల్లా కిందికి వాలిపోయాయి. కొన్నింటికి నడుమ కట్టే జారిపోయింది. సరిచేసి ఇస్తే తప్ప మిగతా సొమ్ము ఇవ్వబోమని చెప్పి పంపారు.

ఆ రాత్రి ధర్మసాగర్ మండలంలోని ఊరి నుంచి వచ్చి ఉన్న మా అమ్మ ఒక పువ్వు విప్పి చూసి, ఒకే మాట అంది. ‘‘నీ జడకు పదేండ్లు కట్టిన గదనే బిడ్డా, ఒక్కనాడన్న ఊడిందా? నడుమ గట్టిగ ఒత్తకుంట ఎన్ని మడతలు పెడితే ఏం ఫాయిదా!’’ తెల్లవారేసరికి అక్క, మేనకోడలు, అమ్మ కలిసి ఇరవై పువ్వులూ విప్పి, తిరిగి కట్టారు. ఈ విలేకరి చేయగలిగింది తీగ ముక్కలు కత్తిరించి అందించడమే. ఆ రాత్రి నేర్చుకున్న విషయాలే ఇక్కడ ఎక్కువగా ఉన్నాయి.

పుష్పచక్రం అంటే భయమెందుకు?

రీత్‌కు పత్రికల్లో వాడే తెలుగు మాట పుష్పచక్రం. అయితే మనం ఆ మాటను వినేది సంతాప సందర్భాల్లోనే. ఏటా అక్టోబరు 21న పోలీసు అమరవీరుల సంస్మరణ దినం నాడు అధికారులు స్తూపం వద్ద పుష్పచక్రాలు ఉంచి నివాళులు అర్పిస్తారు. 1959లో అదే తేదీన లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా దళాల కాల్పుల్లో నేలకొరిగిన 10 మంది పోలీసు జవాన్ల స్మృతిలో ఈ దినం పాటిస్తున్నారు. ఇలాంటి దృశ్యాలకు అలవాటు పడిన కళ్లకు గుమ్మానికి వేలాడే చక్రం కొంత ఇబ్బందిగానే ఉంటుంది. ‘గుమ్మానికి ఇదేం అశుభం’ అని పెద్దలు గొణగడం ఈ విలేకరి చెవులారా విన్నదే.

పాశ్చాత్య దేశాల్లో మాత్రం ఈ చక్రానికి రెండు అర్థాలూ ఉన్నాయి. ప్రాచీన గ్రీకులు ఒలింపిక్ క్రీడల విజేతల తలపై ఆలివ్ కొమ్మల చక్రాన్ని ఉంచేవారు. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల్లో ఒక్కో పెద్ద కొవ్వొత్తి వెలిగించే చక్రాన్ని జర్మనీలోని హాంబర్గ్ నగరంలో యోహాన్ హిన్రిచ్ విహెర్న్ అనే మతబోధకుడు 1839లో ప్రారంభించారని చెబుతారు. తాను నడిపే పేద పిల్లల ఆశ్రమంలో ‘పండుగ ఎప్పుడు’ అని పిల్లలు పదేపదే అడుగుతుంటే, రోజులు లెక్కపెట్టుకునేందుకు బండి చక్రంపై ఆయన కొవ్వొత్తులు అమర్చారట. తలుపుకు వేలాడదీసేది దానికి దగ్గరి బంధువు. మన గుమ్మానికి కట్టే మామిడి తోరణం లాంటిదే అనుకుంటే పేచీ ఉండదు.

చూసేవారికి శోకమా, పండుగా అన్నది తెలిపేది ఆ రిబ్బనే. సంతాప చక్రంపై రిబ్బను సాధారణంగా బల్లపరుపుగా, అడ్డపట్టీలా ఉంటుంది. పండుగ చక్రంపై రేకులు విచ్చిన పువ్వులా ఉంటుంది. అందుకే వాలిపోయిన పువ్వును వెనక్కి పంపినవారిని పూర్తిగా తప్పు పట్టలేం.

రెండో ముడి ఉల్టా

ముందుగా రెండు రేకుల సాదా పువ్వు. జడకు కట్టేది ఇదే. చిన్న రీత్‌కు, కిటికీకి, బహుమతి పొట్లానికి ఇది చాలు. అందరికీ వచ్చిన పనే అయినా పదిలో నాలుగైదు పువ్వులు వంకరగా కూర్చుంటాయి. రేకులు ఎడమకు, కుడికి ఉండాల్సింది పోయి, ఒకటి పైకి, మరొకటి కిందికి చూస్తాయి. చేత్తో సరిదిద్దినా మళ్లీ అటే తిరుగుతాయి. రిబ్బను మంచిది కాదని విసుక్కుంటాం. తప్పు రిబ్బనుది కాదు, ముడిది.

ఈ పువ్వులో ఉండేవి రెండు ముళ్లు. మొదట కట్టేది సాదా సగం ముడి. దానిపై రేకులు తీసి వేసేది రెండోది. మొదటి ముడిలో కుడి కొసను ఎడమ కొస మీదుగా తిప్పి ఉంటే, రెండో ముడిలో ఎడమ రేకును కుడి రేకు మీదుగా తిప్పాలి. రెండూ ఒకే వైపు తిప్పితే ముడి మెలితిరిగి పువ్వు నిలువునా నిలబడుతుంది, త్వరగా జారిపోతుంది కూడా. బూటు లేసు అదేపనిగా ఊడిపోయేవారికీ కారణం ఇదే. మా అమ్మ దీన్ని ఇలా చెబుతుంది: ‘‘మొదటి ముడి ఎటేసినవో రెండోది దానికి ఉల్టా ఎయ్యాలె. లేకుంటే పువ్వు ఆకాశం దిక్కు చూస్తది.’’

మరో కిటుకు కూడా జడ దగ్గరే ఉంది. తల్లులు రెండో ముడి బిగించేటప్పుడు రేకులను పట్టుకుని లాగుతారే గాని, కొసలను లాగరు. కొసలు లాగితే రేకులు చిన్నవై, చివరకు ఊడిపోతాయి. రేకులు లాగితే నడుమ బిగుస్తుంది. రెండు రేకుల పొడవు సమానం కావాలంటే ఒక రేకును, దాని ఎదుటి కొసను కలిపి పట్టుకుని కొద్దికొద్దిగా జరపాలి.

శాటిన్ ఎందుకు జారుతుంది?

మన దుకాణాల్లో ఎక్కువగా దొరికేది శాటిన్ రిబ్బను. శాటిన్ అన్నది నూలు పేరు అనుకుంటారు గాని, అది నేత పేరు. మామూలు నేతలో పడుగు పోగు ఒక పేక పోగు పైనుంచి, మరొక దాని కిందనుంచి పోతుంది. శాటిన్‌లో ఒక పోగు నాలుగు, అంతకంటే ఎక్కువ పోగుల మీదుగా ఒకే దూకులో దాటి, అప్పుడు కిందికి దిగుతుంది. పైన పొడవాటి పోగులే తేలి ఉంటాయి కాబట్టి వెలుతురు పడితే మెరుస్తుంది. అడ్డుపడే మెలికలు తక్కువ కాబట్టే జారుతుంది. ఆ మెరుపు, ఆ జారుడు ఒకే కారణం వల్ల వచ్చినవి. ఒకటి కావాలంటే రెండోది భరించాల్సిందే. నేత తెలిసిన కుటుంబాలు ఎన్నో ఉన్న జిల్లా కనుక ఈ సంగతి ఇంతకంటే విడమరచనక్కరలేదు.

శాటిన్‌కు ఒకవైపే మెరుపు ఉంటుంది. రెండువైపులా మెరిసేది అడిగితే దొరుకుతుంది, ధర ఎక్కువ. ఒకవైపు మెరిసేదానితో పువ్వు చేస్తే, ప్రతి మడతకూ లోపలి మసకవైపు బయటికి వచ్చేస్తుంది. అక్కడ చేయాల్సింది నడుమ ఒత్తిపట్టిన చోట రిబ్బనును సగం మెలిక తిప్పడం. ఆ సగం మెలికతో మెరుపువైపు మళ్లీ బయటికి వస్తుంది. ప్రతి రేకుకూ ఒక సగం మెలిక. ఒక్కటి మరిచినా ఆ రేకు మసకగా కనిపిస్తుంది.

అడ్డంగా సన్నని గీతలున్న రిబ్బను కొంత మందంగా, బిరుసుగా ఉంటుంది. మెరుపు తక్కువైనా ముడి నిలుస్తుంది. నేర్చుకునేవారు దానితో మొదలు పెట్టడం మేలు. అంచుల్లో సన్నని తీగ దాచి నేసిన రిబ్బను కూడా ఉంటుంది. రేకును ఎటు వంచితే అటు నిలబడుతుంది, నలిగినా వేళ్లతో విప్పదీయవచ్చు. పెద్ద పువ్వుకు అంతకంటే అనువైనది లేదు. కానీ మన చౌరస్తాలో అన్ని దుకాణాల్లోనూ ఉండదు. ఉన్నచోట ధర చూసి వెనుదిరిగేవారే ఎక్కువ.

అంచు చీరలోనే ఉంది

అంత ధర పెట్టనక్కరలేదని ఆ రాత్రి తరువాత తెలిసింది. పాతబడిన నేత చీరల అంచులు రెండు మూడు అంగుళాల వెడల్పుతో ఉంటాయి. జరీ ఉంటే మరీ మంచిది, దానికది బిరుసుగా నిలుస్తుంది. చీర బయటి వైపు అంచు నేతలోనే ముగిసి ఉంటుంది కాబట్టి పోగులు ఊడవు. కత్తిరించిన రెండో వైపు మాత్రం ఊడుతుంది. అటువైపు కాలంగుళం మడిచి కుట్టాలి, లేదా మ్యాచింగ్ సెంటర్లలో చీరలకు పీకో చేసే మిషను మీద ఒకసారి పోనివ్వాలి.

చీర పొడవు రవిక గుడ్డ కాకుండా సుమారు ఐదున్నర మీటర్లు. ఒక పెద్ద పువ్వుకు రెండున్నర మీటర్లకు కాస్త ఎక్కువ పడుతుంది. అంటే ఒక వైపు అంచుతో రెండు, రెండు వైపుల అంచులతో నాలుగు పువ్వులు వస్తాయి. పెట్టెలో చిరిగి మూలనున్న చీరకు ఇంతకంటే గౌరవం ఏముంటుంది? అయితే పెళ్లి చీరల జోలికి మాత్రం ఇంట్లో అడగకుండా వెళ్లవద్దు. ఇది అనుభవం మీద చెబుతున్న మాట.

జరీ లేని నూలు గుడ్డ అయితే గంజి పెట్టాలి. నేత చీరలకు పెట్టే గంజే, కొంచెం చిక్కగా. పట్టీలను గంజిలో ముంచి, పిండి, నీడన ఆరవేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే కాగితంలా నిలుస్తాయి. రెండు జాగ్రత్తలున్నాయి. డిసెంబరు మంచు పడితే గంజి మెత్తబడుతుంది కనుక ఈ పువ్వును ఆరుబయట గేటుకు కాక వసారా లోపలి తలుపుకే పెట్టాలి. దాచేటప్పుడు గంజి వాసనకు బొద్దింకలు, పురుగులు వస్తాయి, ఎండిన వేపాకు వేయాలి.

రిబ్బను ఒకప్పుడు ఎంతమంది బతుకో చెప్పడానికి ఒక చిన్న సంగతి. ఫ్రాన్స్‌లోని సెయింట్ ఎటియన్, ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ పట్టణాలు పట్టు రిబ్బను నేతకే పేరుపొందాయి. 1860లో రెండు దేశాల మధ్య వాణిజ్య ఒప్పందం కుదిరి, ఫ్రెంచి పట్టు సరకుపై బ్రిటన్ సుంకం ఎత్తివేయడంతో కోవెంట్రీ రిబ్బను నేత కుప్పకూలింది. వేలాది నేతగాళ్లు వీధిన పడ్డారు, ఎందరో వలస పోయారు. 1934లో మొదలై 2002లో మూతపడిన అజంజాహి మిల్లును ఎరిగిన ఓరుగల్లు వాసులకు ఆ కథ కొత్తగా తోచదు.

పెద్ద పువ్వు కట్టే తీరు

ఇక అసలు పని. ఒకటిన్నర అడుగు వెడల్పున్న రీత్‌కు ఎనిమిది అంగుళాల పువ్వు నప్పుతుంది. చక్రం వెడల్పులో సగం దాటితే పువ్వు తప్ప చక్రం కనిపించదు. మూడో వంతుకు తగ్గితే దూరం నుంచి బొత్తాంలా ఉంటుంది.

ముందుగా లెక్క వేసుకోవాలి. అక్క పొరపాటు పడింది ఇక్కడే. రేకు పొడవు నాలుగు అంగుళాలు అనుకుంటే, రిబ్బను పోయి రావాలి కాబట్టి ఒక్కో రేకుకు 8 అంగుళాలు ఖర్చవుతుంది. ఎనిమిది రేకులకు 64. నడుమ ఉండే చిన్న గుండ్రానికి 5. ఒత్తినచోట, మెలికల్లో పోయేది మరో 4. కింద వేలాడే తోకలు అడుగు చొప్పున రెండింటికి 24. మొత్తం 97 అంగుళాలు, అంటే ఇంచుమించు రెండున్నర మీటర్లు. గజాల్లో కొంటే మూడు గజాలు తీసుకోవాలి, కొంత మిగులుతుంది. మీటరు, గజం ఒకటే అనుకుని కొన్నా చిక్కే. గజానికి 36 అంగుళాలు, మీటరుకు 39 పైచిలుకు. ఒక్క పువ్వుకు ఆ తేడా తెలియదు, ఇరవై పువ్వులకు పెద్దదవుతుంది. అక్క పువ్వుకు రెండు మీటర్లే అనుకుని 40 మీటర్లు తెచ్చింది. ఎనిమిది రేకులు తీసేసరికి తోకలకు నాలుగేసి అంగుళాలే మిగిలాయి. తిరిగి కట్టినప్పుడు రేకులు ఆరుకు తగ్గించారు. ఆరింటికి 48, నడుమ గుండ్రానికి 5, మెలికలకు 3, తోకలకు 11 చొప్పున 22, వెరసి 78. రెండు మీటర్లలో సరిపోయింది. ఆరు రేకులైనా తోకలు నిండుగా వేలాడడంతో పువ్వు మునుపటికంటే పెద్దదిగానే కనిపించింది.

రిబ్బను వెడల్పు రెండున్నర అంగుళాలు ఉండాలి. పట్టుకునే చెయ్యి ఎడమది, పని చేసేది కుడిది అనుకుందాం. ఒక కొస నుంచి అడుగు పొడవు తోక వదిలి, అక్కడ ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య రిబ్బనును కుచ్చిళ్లలా ఒత్తిపట్టాలి. బల్లపరుపుగా పట్టుకోకూడదు. పువ్వు నిలబడేది, వాలేది ఈ ఒత్తిడిలోనే తేలుతుంది. వెడల్పంతా కుచ్చిళ్లుగా ముడుచుకుని పెసరకాయంత సన్నబడాలి. తరువాత బొటనవేలి చుట్టూ ఒక చిన్న గుండ్రం తిప్పి, అదే చోట ఒత్తి, సగం మెలిక తిప్పాలి. ఇది పువ్వుకు నడుమ బొడ్డు.

ఇక రేకులు. ఒకటి ఎడమకు నాలుగు అంగుళాలు తీసి, నడుమకు తెచ్చి, ఒత్తి, సగం మెలిక. మరొకటి కుడికి అంతే తీసి, ఒత్తి, సగం మెలిక. ఇలా ఎడమ, కుడి మార్చుతూ ఎనిమిది. మొదటి జతకంటే తరువాతి జతలను కాలంగుళం చొప్పున పెంచుకుంటూ పోతే రేకులు ఒకదాని వెనుక ఒకటి దాగవు. అలా పెంచదలచుకుంటే రిబ్బను మరో అడుగు అదనంగా ఉంచుకోవాలి. ఈ పని జరుగుతున్నంతసేపూ ఎడమచేతి వేళ్లు సడలకూడదు. నాలుగో రేకుకే వేళ్లు నొప్పి పుడతాయి. ఫోను మోగినా వదలకూడదు. అక్క ఒక బట్టల క్లిప్పు దగ్గర పెట్టుకుంటుంది, తప్పనిసరైతే నడుమకు తగిలించి లేస్తుంది.

ఆఖరి రేకు అయ్యాక ఒక జానెడు సన్నతీగను నడుమ బొడ్డులోంచి దూర్చి, రెండు కొసలు వెనక్కి తేవాలి. దారం చాలదు. దారానికి సాగే గుణం ఉంటుంది, శాటిన్‌పై జారుతుంది కూడా. తీగ ఒకసారి మెలిపడితే వెనక్కి రాదు. అయితే మేస్త్రీలు ఇనుప చువ్వలకు చుట్టే బైండింగు వైరు దీనికి పనికిరాదు, లావు, రిబ్బనును కోస్తుంది. 24 నుంచి 26 గేజీ తీగ కావాలి. గేజీ సంఖ్య పెరిగినకొద్దీ తీగ సన్నబడుతుంది. మోటార్లు రీవైండింగు చేసే దుకాణంలో అడిగితే మిగులు రాగి తీగ ముక్కలు దొరుకుతాయి. మేం తెచ్చింది అక్కడి నుంచే.

బిగించే తీరులో ఒక మెళకువ ఉంది. తీగ కొసలను మెలితిప్పబోతే నడుమ చోటు సడలుతుంది. తీగ కొసలను కదలకుండా బిగించి పట్టుకుని, పువ్వునే రెండు మూడు చుట్లు తిప్పాలి. అప్పుడు తీగ నడుమకు ఆనుకుని బిగుస్తుంది. ఆ రాత్రి పనిని సగానికి సగం తగ్గించింది ఈ ఒక్క కిటుకే. కట్టు పడ్డాక రేకులను ఒక్కొక్కటిగా పట్టుకుని, ఒకటి పైకి, ఒకటి కిందికి, ఒకటి ముందుకు లాగి విప్పాలి. అంతవరకు చేతిలో గుడ్డపీలికల కట్టలా ఉన్నది ఒక్కసారిగా పువ్వవుతుంది. మొదటి పువ్వుకు అరగంట పట్టినా నిరాశ పడనక్కరలేదు, పదోది పది నిమిషాల్లోపే అవుతుంది.

తోకల కొసలను చివరన, పువ్వును చక్రానికి కట్టి వేలాడదీశాకే కత్తిరించాలి. చేప తోకలా చీలిక కావాలంటే రిబ్బనును నిలువునా సగానికి మడిచి, మడత వైపు పైనుంచి మొదలుపెట్టి అంచుల వైపు కిందికి ఏటవాలుగా కత్తెర వేయాలి. తిరగేసి కత్తిరిస్తే చీలికకు బదులు బల్లెం మొన వస్తుంది. శాటిన్ రిబ్బను సాధారణంగా పాలిస్టరుది కాబట్టి కొసను కొవ్వొత్తి మంట పక్కగా, తగిలీ తగలకుండా జరిపితే పోగులు కరిగి అతుక్కుంటాయి. నూలు, పట్టు కరగవు, కాలతాయి. వాటికి ఈ పద్ధతి వద్దు. కరిగిన చుక్క వేలిపై పడితే చర్మానికి అంటుకుని కాలుస్తుంది. ఈ పనిని పిల్లలకు అప్పగించకూడదు, గడ్డి చక్రాలు ఉన్న గదిలో అసలే చేయకూడదు.

చుట్టకుదురే చక్రం

పువ్వు కూర్చునే చక్రం గురించి కొంత. దుకాణాల్లో ఒకప్పుడు థర్మోకోల్ చక్రాలు అమ్మేవారు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులపై 2022 జులై 1 నుంచి దేశవ్యాప్తంగా అమల్లోకి వచ్చిన నిషేధంలో అలంకరణకు వాడే థర్మోకోల్ కూడా ఉంది. దాని అవసరమూ లేదు. కుండ కింద పెట్టే చుట్టకుదురును కాస్త పెద్దగా, వదులుగా చుడితే అదే రీత్‌కు ఆధారం. వానాకాలం వరి కోతలు అయిపోయి గడ్డి దొరికే రోజులే ఇవి. హార్వెస్టరు కోసిన గడ్డి ముక్కలు ముక్కలుగా ఉండి చుట్టకు రాదు. కొడవలితో కోసిన పొడవాటి గడ్డి ఎవరి వద్దనైనా అడిగి తెచ్చుకోవాలి. పిడికెడు లావున మెలిపెట్టి, పురికొసతో రెండంగుళాలకో చుట్టు వేస్తే గట్టిగా నిలుస్తుంది.

పైన దోపడానికి సరుగుడు కొమ్మలు బాగుంటాయి, దూరం నుంచి చూస్తే పైన్ కొమ్మలనే అనుకుంటారు. మామిడాకు రెండు రోజుల్లో ముడుచుకుపోతుంది. మా అక్క బతుకమ్మ రోజుల్లోనే గునుగు పూలు కొన్ని ఎక్కువగా తెప్పించి, కట్టలు కట్టి, నీడన తలకిందులుగా వేలాడదీసి ఆరబెడుతుంది. రంగు అద్దిన గునుగు డిసెంబరు దాకా చెక్కుచెదరదు. ఓరుగల్లు బతుకమ్మ పువ్వు క్రిస్మస్ చక్రంలో ఒదిగిపోవడం చూస్తే ముచ్చటేస్తుంది.

పువ్వును చక్రం పైభాగాన కడితే తోకలు చక్రం నడుమ ఖాళీలోకి దిగుతాయి. కింద కడితే స్వేచ్ఛగా వేలాడతాయి. ఇంటి తలుపుకు కిందిదే నయం, పిల్లలు తోక పట్టి లాగే ఎత్తులో ఉంటే మాత్రం పైనే కట్టాలి. కట్టడానికి పువ్వు వెనుక మిగిల్చిన తీగ కొసలే చాలు. గడ్డి లోపలికి పొడిచి, వెనుక మెలివేసి, మొనలను గడ్డిలోకి వంచాలి. మొన బయటికి ఉంటే తలుపు రంగు గీసుకుపోతుంది. అద్దె ఇళ్లవారు ఇది మరవకూడదు. ఎండు గడ్డి చక్రానికి విద్యుత్ సీరియల్ బల్బులు చుట్టడం ప్రమాదం.

పండుగ ముగిశాక పువ్వును విప్పకుండా దాచుకోవచ్చు. ఒక్కో రేకులో నలిపిన పాత దినపత్రిక కూరి, అట్టపెట్టెలో పైన బరువు లేకుండా పెట్టాలి. నలిగిన శాటిన్‌ను పైన పలుచని గుడ్డ పరిచి, తక్కువ వేడితోనే ఇస్త్రీ చేయాలి. ఆ రాత్రి విప్పిన రిబ్బన్ల మడతలు పోగొట్టింది ఈ విధంగానే, అందులోనూ రెండు మాడిపోయాయి.

పనిగా చేసి అమ్మదలచిన మహిళలకు ఒక మాట. లెక్కలో రిబ్బను, తీగ, పురికొసతో పాటు చేతి పని గంటలూ వేసుకోవాలి. నమూనాగా ఒకటి చేసి, దాన్ని తలుపుకు మూడు రోజులు వేలాడదీసి, నిలిచిందని చూశాకే మిగతావి మొదలుపెట్టాలి. ఇరవై చక్రాలను రెండోసారి అప్పగించిన పది రోజులకు అక్కకు మిగిలిన సొమ్ము అందింది. ఈసారి నవంబరు చివరనే ఒక పువ్వు కట్టి తన ఇంటి తలుపుకు తగిలించింది. అమ్మ ఊరి నుంచి రాగానే చెప్పులు విప్పక ముందే ఆ పువ్వు వెనక్కి చెయ్యి పోనిచ్చి, నడుమ తీగను ఒకసారి లాగి చూసి, లోపలికి వెళ్లింది.